పాత లోగిలి, కొత్త కాపురము

ఈనాడు పట్టణములలో క్రొత్తగా వెలయుచున్న ఇండ్లలోను, భోజనశాలలలోను, విడిది గృహములలోను ఒక విశేషము కనబడుచున్నది. గోదావరి తీరమున ఎక్కడనో పడగొట్టిన లోగిలి ద్వారబంధము ఇచట నిలువుటద్దమునకు చట్రమైనది. తాతల నాటి భోషాణము తేనీటి బల్లయైనది. ఒకప్పుడు దూలమును మోసిన టేకు స్తంభము ఇపుడు దేనిని మోయక, దీపపు వెలుగులో ఒక మూల ఊరక నిలుచున్నది. చూచుటకు ముచ్చటగనే యుండును. పూర్వుల వస్తువులపై నేటివారికి మక్కువ కలిగినందుకు సంతోషింపవలసినదే. కాని దేనిని మోయని ఆ స్తంభమును చూచినపుడు ఒక ప్రశ్న పుట్టక మానదు. పాతదానినుండి మనము గ్రహింపవలసినది ఏది? ఆ కొయ్యయా, ఆ కొయ్యను అచట నిలిపిన యోచనయా?

ఈ ప్రశ్నకు సమాధానము ఇండ్లలోను, ఇంటి అలంకరణలోను, కట్టుబట్టలోను వెదుకవచ్చును. ముందుగా ఇంటిని గూర్చి ముచ్చటింతము.

నడుమ ఆకాశమునకు తెరచిన ముంగిలి, దాని చుట్టును గదులు; ఈ ఏర్పాటు మన దేశమున మిక్కిలి ప్రాచీనమైనది. సంస్కృత వాస్తుగ్రంథములు నాలుగు వైపుల కట్టడముగల ఇట్టి గృహమును చతుశ్శాల యన్నవి. ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురిలో, అనగా నాగార్జునకొండ లోయలో, క్రీస్తు శకము 3, 4 శతాబ్దులలో వెలసిన బౌద్ధ విహారములలో భిక్షువుల గదులు నడిమి ముంగిలి చుట్టును వరుసగా తీర్చబడియుండెను. 1954 మొదలు 1960 వరకు జరిగిన త్రవ్వకములలో వాని పునాదులు బయల్పడినవి. నాగార్జునసాగర జలాశయమున ఆ లోయ మునిగిపోవుటకు ముందు కొన్ని కట్టడములను కొండపైకిని, అనుపునకును తరలించి తిరిగి నిలిపిరి. విహారమునుండియే మన లోగిలి పుట్టినదని మేము చెప్పబోము. ఒకే ఎండను, ఒకే వానను ఎదుర్కొనిన మనుష్యులకు ఒకే విధమైన ఉపాయము తోచుట సహజము. ఆ ఉపాయము పదునేడు వందల ఏండ్ల తరువాత కూడ కోనసీమలో, కృష్ణా తీరమున, ఉత్తరాంధ్రమున మండువా లోగిలి రూపమున నిలిచియుండెననుట గమనింపదగినది. తెలంగాణమున దానినే భవంతి యని పిలుతురు.

మండువా పనిచేయు తీరును కొంచెము నిదానముగా చూతము. నాలుగు వైపుల కప్పులును లోపలికి వాలియుండును. వాని చూరులు కలియుచోట నడుమ చతురస్రాకారముగా ఆకాశము కనబడును. దాని క్రింద నేల కొంత పల్లముగా నుండును, అదియే మండువా. కప్పులమీద పడిన వాననీరు నాలుగు మూలలనుండి ధారలుగా అందులో పడి, తూము గుండ వెలుపలికి పోవును. వానకాలమున ఇల్లాలు ఆ ధారల క్రింద బిందెలు, గంగాళములు ఉంచి నీరు పట్టుకొనెడిది. ఎండకాలమున లోపలి గాలి వేడెక్కి తేలికయై ఆ తెరపినుండి పైకి పోవును. వీధి వసారా నుండియు పెరటి వైపు నుండియు చల్లని గాలి దాని స్థానమునకు వచ్చును. రాత్రివేళ మండువా నేల ఆకాశమునకు తన వేడిని విడిచి చల్లబడును. కప్పు క్రింద అటక యుండుటచే పెంకుల వేడి సరాసరి గదిలోనికి దిగదు. మట్టిగోడ మందమైనది, ఉదయపుటెండ దానిలోనుండి లోపలికి చేరునప్పటికి సాయంకాలమగును. అప్పటికి ఇంటివారు అరుగుమీదికి చేరియుందురు. గోడ వేడెక్కు వేళకు మనిషి గదిలో లేడు; గది చల్లబడిన తరువాత పండుకొనుటకు వచ్చును. ఆ ఇంటి కట్టడమును, ఆ ఇంటివారి దినచర్యయు ఈ విధముగా ఒకదానిలో ఒకటి ఒదిగియుండెను.

ఇట్లని తెలుగుదేశమంతట ఒకే తీరు ఇల్లుండెననుకొనరాదు. వర్షము తక్కువైన రాయలసీమలో వాలు కప్పు అవసరము లేదు. అచట రాతిగోడలపై కొయ్యదూలములు పరచి, పైన చవుడు మన్ను దట్టముగా వేసి మిద్దెలు కట్టిరి. వెలుతురు కొరకు, పొగ పోవుట కొరకు మిద్దెలో గవాక్షి నుంచిరి. కడపబండయు, నాపరాయియు అందుబాటులో నున్నచోట నేలకు, గోడకు అవియే వాడిరి. విశాఖ, శ్రీకాకుళము తీరములందలి పల్లెకారులది వేరొక తీరు. వారి చుట్టిల్లు గుండ్రముగా నుండి, తాటాకు కప్పు ఇంచుమించు నేలవరకు దిగియుండును. తుపాను గాలికి మూలలు దొరకవు. గాలి ఇంటిని చుట్టుకొని పోవును. మూడు సీమలలో మూడు విధములైన ఇండ్లు. ఆకారములు వేరైనను అన్నిటి వెనుకను ఉన్న ప్రశ్న ఒక్కటే: ఈ ఎండకు, ఈ వానకు, ఈ గాలికి, ఇచట దొరకు వస్తువుతో ఎట్లు కట్టవలెను?

అయినను పాతకాలపు ఇంటిని తలచుకొని పరవశించుటకు ముందు దాని రెండవ ముఖమును కూడ చూడవలెను. ఆ అరుగుమీద అందరును కూర్చుండలేదు. ఎవరు అరుగెక్కవచ్చునో, ఎవరు వాకిట నిలువవలెనో, ఎవరు వీధిలోనుండియే పిలువవలెనో కులమును బట్టి నిర్ణయమై యుండెను. వెలుతురు నిండిన ముందు సావిడి మగవారిది. పొగ నిండిన వెనుకటి వంటయిల్లు ఆడవారిది. కొన్ని గదులలో పట్టపగలు కూడ దీపము లేక ఏమియు కనబడెడిది కాదు. ఇవన్నియు ఆ ఇంటి ప్రణాళికలో భాగములే. పెద్ద లోగిలి ఒక కుటుంబమునకు చల్లదనమిచ్చుచుండగా ఆ లోగిలిని మెత్తి, అలికి, నేసి, నిలిపిన చేతులు పూరిపాకలలో నివసించెను. కావున పూర్వపు బ్రతుకును బ్రతుకుగానే తెచ్చుకొందమని ఎవరైన అనినచో, దేనిని తెచ్చుకొందురని మనము అడుగవలసియుండును.

ఇట్టి ఇండ్లు తరిగిపోవుటకు కారణములును స్పష్టమైనవే. ఉమ్మడి కుటుంబములు విడిపోగా అన్నదమ్ములు మండువా నడుమ గోడ పెట్టిరి. గోడ పెట్టిన మండువా గాలి ఆడదు, నీరు పోదు. టేకు ధర పెరిగినది. పెంకు సరిచేయు పనివారు, సున్నము గానుగ పట్టువారు తగ్గిరి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వంటి విపత్తులలో మట్టిగోడలు కరగిపోవుట చూచినవారు కాంక్రీటు కప్పును ప్రాణరక్షణగా భావించిరి. అది తప్పనుటకు వీలులేదు. కాని ఉప్పెననుండి కాపాడు ఆ కప్పే వేసవిలో పగలంతయు ఎండను త్రాగి, రాత్రియంతయు దానిని గదిలోనికి విడుచుచున్నది. దానికి విరుగుడుగా నేడు విద్యుత్తుతో గాలిని చల్లబరచు యంత్రము నమర్చుకొనుచున్నాము. ఆ యంత్రము మన గదిని చల్లబరచి, ఆ వేడిని వీధిలోనికి నెట్టుచున్నది.

ఇక అలంకరణ సంగతి. మన పెద్దల ఇంటిలో అలంకరణము ఒకసారి కొని మరచిపోవు వస్తువు కాదు. తెల్లవారకముందే కల్లాపి చల్లి వేసిన ముగ్గు మధ్యాహ్నమునకు చెరిగిపోవును; మరునాడు మరియొకటి వేయుదురు. బియ్యపుపిండితో వేసిన ముగ్గు చీమలకు ఆహారమగును. గడపకు పసుపు, కుంకుమ మరల మరల పెట్టవలసినదే. సంక్రాంతికి గోడలకు సున్నము కొట్టి, అడుగున ఎర్రమట్టి పట్టె తీర్తురు. సున్నము గోడకు అందమిచ్చుటయే గాక ఎండను త్రిప్పికొట్టును, పురుగును రానీయదు. ఆ అలంకరణమంతయు పోషణకు మరియొక పేరు. అయితే ఆ పోషణ భారము చాలవరకు స్త్రీలపై నుండెననుట మరువరాదు. భార్యాభర్త లిరువురును ఉద్యోగములకు పోవు ఇంటిలో ఆ పనిని ఇరువురును పంచుకొనిననే అది మిగులును. లేనిచో వాకిట అంటించిన రంగుకాగితపు ముగ్గే మిగులును.

వస్త్రాలంకరణమున మనకు జగత్ప్రసిద్ధి తెచ్చినది కలంకారి. కలమనగా లేఖిని, కారి యనగా పని. ఈ మాటలు పారసీకమునుండి వచ్చినవి. గోలకొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో మచిలీపట్టణపు రేవు దేశదేశముల వర్తకులను ఆకర్షించెను. ఆంగ్లేయులు 1611లో అచట తమ వర్తక స్థానమును నెలకొల్పిరి. అచటి అద్దకపు బట్టలు యూరపునందు ఎంత వ్యాపించెననగా, తమ నేతపని చెడిపోవుచున్నదని ఫ్రాన్సు 1686లో అట్టి బట్టలను నిషేధించెను. ఇంగ్లండు 1700లోను, 1721లోను చట్టములు చేసెను. పారసీకపు తోటల తీగలు, యూరపువారు కోరిన పూలచెట్లు గల పడకదుప్పట్లు, మన లతలు అన్నియు మచిలీపట్టణపు అచ్చులలోనికి చేరెను. శ్రీకాళహస్తిలోనో, అదే పని దేవాలయమునకు అంకితమై రామాయణ భారత కథలను తెరలమీద వ్రాసెను. ఒక చోట కొయ్య అచ్చు, మరియొక చోట చేతి కలము. ఒక చోట సముద్రము దాటు సరకు, మరియొక చోట దేవుని ముందటి తెర. సంప్రదాయము ఏనాడును కదలక కూర్చుండలేదనుటకు ఇంతకన్న నిదర్శనము వలదు. మన పనివారు పరాయి చిత్రములను చూచి స్వేచ్ఛగా స్వీకరించిరి. వారు విడువనిది ఒక్కటే, పని జరుగు పద్ధతి.

ఆ పద్ధతి ఎట్టిదో చూడుడు. ముందుగా బట్టను కరక్కాయ పొడియు, గేదెపాలును కలిపిన నీటిలో ముంచి ఆరవేయుదురు. పాలలోని జిడ్డు రంగును ప్రాకనీయదు. త్రుప్పు పట్టిన ఇనుమును బెల్లపునీటిలో కొన్ని వారములు నానవేసి తీసిన ద్రవముతో గీత గీయగానే అది కరక్కాయలోని వగరుతో కలిసి నల్లనగును. ఎరుపు కావలసినచోట పటికనీరు పూసి, పిదప చిరివేరు వంటి వేళ్ళతో ఉడికింతురు. పటిక తాకినచోటనే ఎరుపు నిలుచును. తక్కినచోట పారునీటిలో జాడించగా పోవును. పసుపునకు కరక్కపువ్వు, నీలమునకు నీలిమందు. ప్రతి రంగునకును మరల ఉతుకు, మరల ఎండ. అందువలననే ఏరు లేనిచోట ఈ పని సాగదు. శ్రీకాళహస్తి పనివారికి స్వర్ణముఖి ఎంత అవసరమో దీనినిబట్టి తెలియును. కలంకారి యనగా ఒక బొమ్మ కాదు. చెట్టు, ఇనుము, పాలు, ఏరు, ఎండ కలిసిన పని.

యంత్రపు బట్ట వచ్చిన తరువాత ఈ పని క్షీణించి, 20వ శతాబ్దపు నడిమికి శ్రీకాళహస్తిలో కొలది కుటుంబములకే పరిమితమయ్యెను. 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల మండలికి అధ్యక్షురాలైన శ్రీమతి కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో అచట శిక్షణ కేంద్రము వెలసినది. మిగిలియున్న పెద్ద పనివారే అందు గురువులైరి. ఆ పరంపరలోని శ్రీ జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ లభించెను. కేంద్రము వారు బొమ్మలను భద్రపరచి ఊరకుండలేదు. చేయు చేతులను తయారుచేసిరి. అందుచేతనే ఆ కళ నేడు చీరలపై, కిటికీ తెరలపై, దిండు గలీబులపై బ్రతికియున్నది. అయితే నేడు అంగడిలో కలంకారి పేరిట దొరకు బట్టలలో చాలభాగము రసాయనపు రంగులతో యంత్రముమీద అచ్చయినవే. బొమ్మ అదే, నెమలి అదే, తీగె అదే. స్వర్ణముఖి మాత్రము లేదు. వెల తక్కువగుటచే కొనువారిని నిందింపలేము. కాని ఒక పేరుతో రెండు వస్తువులు అమ్ముడగునపుడు నష్టపోవువాడు చేతితో పనిచేయువాడే.

లేపాక్షి కథయు ఇట్టిదే. అచ్యుతదేవరాయల కాలమున, 16వ శతాబ్దియందు, విరుపన్న, వీరన్న సోదరులు కట్టించిన వీరభద్రాలయపు కప్పుమీద కిరాతార్జునీయము, గిరిజాకల్యాణము మున్నగు కథలు చిత్రింపబడియున్నవి. ఎర్రమట్టి, పచ్చమట్టి, సున్నపు తెలుపు, నలుపు వంటి కొలది రంగులతోనే అన్నియు వ్రాసిరి. అందలి స్త్రీల చీరలలో చారలు, గడులు, పూలు ఎన్ని తీరులుగా నున్నవో, పురుషుల పొడవు కుళ్ళాయిలు ఎంత ఠీవిగా నున్నవో చూచితీరవలెను. లతామండపపు స్తంభములమీద చెక్కిన తీగెలు, హంసలు మన నేతచీరల అంచులలోనికి దిగివచ్చినవి. నేటికిని ఆంధ్ర ప్రభుత్వపు హస్తకళల విక్రయశాలలకు లేపాక్షి యనియే పేరు. గుడికప్పునుండి చీరకొంగునకు వచ్చిన ఈ ప్రయాణమును మేము మెచ్చుకొందుము. రాతిలోని తీగెను దారములోనికి దింపుటకు నేతగాడు దానిని పడుగు పేకల లెక్కకు మార్చుకొనవలెను. ఆ మార్పులోనే అతని ప్రజ్ఞ యున్నది. అచ్చమైన అనుకరణమునకు మగ్గము ఒప్పుకొనదు.

మరి ఆధునికులైన వాస్తుశిల్పులు పాతదానినుండి ఎట్లు నేర్చుకొనిరి? మన యింటిదగ్గరనే యొక ఉదాహరణము కలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్సు కళాశాల భవనము 1939లో ప్రారంభమయ్యెను. దానికి రూపకల్పన చేసినవాడు ఎర్నెస్టు జాస్పరను బెల్జియము దేశీయుడు. అంతకుముందే హైదరాబాదునుండి సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగు అను ఇంజనీర్లు దేశవిదేశములు తిరిగి విశ్వవిద్యాలయ భవనములను పరిశీలించి వచ్చిరి. అజంతా ఎల్లోరా గుహలను తలపించు స్తంభములును, సుల్తానుల నాటి కమానులును ఆ భవనమున ఒకటైనవి. అన్నిటికన్న మిన్నగా, హైదరాబాదు బండలనుండి తీసిన నల్లసేనపు రాతినే, అనగా ఆ నేలలోని గ్రానైటునే, అది ధరించినది. రెండు సంప్రదాయములు ఒక కప్పు క్రింద కలిసి చదువుకొనవచ్చునని ఆ కట్టడము రాతితో చెప్పుచున్నది.

రెండవ ఉదాహరణము లారీ బేకరు. 1917లో ఇంగ్లండులో పుట్టి, 1945లో మన దేశమునకు వచ్చి, 2007లో తిరువనంతపురమున కన్నుమూసిన ఈ మహనీయుడు హిమాలయపు పల్లెలలో చాలకాలము నివసించి, అచటి సామాన్యులు కట్టుకొను ఇండ్లను చూచి తన విద్యను తిరిగి నేర్చుకొనెను. ఇటుకలను అంచుమీద నిలిపి నడుమ బోలు విడిచి కట్టు గోడను అతడు ప్రచారములోనికి తెచ్చెను. అందువలన ఇటుకలలో సుమారు నాలుగవ వంతు ఆదా యగును. ఆ బోలులోని గాలి ఎండను ఆపును. కప్పులో బలమునకు కాంక్రీటు అక్కరలేని చోట పాత పెంకులను పొదిగెను. కిటికీకి మారుగా ఇటుకల జాలీని పెట్టెను. కేరళపు పాత యింటి ఆకారమును అతడు మక్కికి మక్కి దింపలేదు. ఆ ఇల్లు అడిగిన ప్రశ్ననే తానును అడిగెను. తన కాలపు వస్తువులతో సమాధానము చెప్పెను.

మూడవది హెచ్చరిక వంటిది. ఈజిప్టు దేశమున హసన్ ఫతీ యను వాస్తుశిల్పి 1940లలో లక్సరు చెంత క్రొత్త గుర్నా యను గ్రామమును మట్టియిటుకలతో నిర్మించెను. కొయ్యయు, ఉక్కును కరువైన రోజులవి. కొయ్య ఆసరా లేకుండ కమాను కప్పులు వేయు ప్రాచీన విద్య నూబియా మేస్త్రీలకు తెలియునని అతడు గ్రహించి వారిని రప్పించెను. కట్టడములు మనోహరముగా వచ్చెను. కాని ప్రాచీన సమాధులమీద వెలసిన తమ ఊరిని విడిచి అచటికి పోవుటకు గ్రామస్థులు ఇష్టపడలేదు. నిర్మాణము సగములోనే నిలిచిపోయెను. గోడ చల్లగా నున్నంత మాత్రమున అది ఇల్లు కాజాలదు. అందు నివసించువారి మాటయు గోడలో కలియవలెను.

ఇపుడు మన యింటి సంగతికి వత్తము. రెండు వందల గజముల స్థలములో, లేదా అంతస్తుల మేడలోని ఒక వాటాలో కాపురముండువారికి మండువా ఎచటిది అని అడుగవచ్చును. మండువా లేకపోయినను దాని యోచన కొంత తెచ్చుకొనవచ్చును. ఇల్లు కట్టుకొనువారు నడుమ నాలుగడుగుల తెరపి విడిచినను గాలి పైకి పోవుటకు దారి యేర్పడును. పడమటి గోడకు కిటికీలు తగ్గించి, వసారానో చెట్టునో అడ్డముంచినచో సాయంకాలపుటెండ లోపలికి రాదు. మేడమీద తెల్లని సున్నము పూసినచో గది వేడి తగ్గునని మన తాతలకు తెలిసినదే. వాననీటికి మండువా తూము వలె ఒక దారి చూపి, దానిని ఇంకుడు గుంటకు చేర్చవచ్చును. వాటాలో నున్నవారు గడప వెలుపల నలుగురు కూర్చుండుటకు ఒక బల్ల వేయవచ్చును. అదియే వారి అరుగు. ఈమారు దానిమీద ఎవరైన కూర్చుండవచ్చును. బట్ట కొనునపుడు, ఇది చేతిపనియా, అచ్చుపనియా, ఏ ఊరిదని ఒకమాట అడుగుడు. అడుగువారుండినచో చెప్పువారును ఉందురు. చెప్పువారుండినచో చేయువారును మిగులుదురు.

పాత లోగిలి పడగొట్టక తప్పనిచో దాని స్తంభమును తెచ్చి మూలను నిలుపుటకు ముందు ఒక పని చేయుడు. దానిని నిలిపిన వడ్రంగి ఊరిలో ఇంకను ఉండినచో పిలిచి, ఇది ఇంత మందము ఎందుకు, ఈ చూరు ఇంత క్రిందికి ఎందుకు, ఈ నేల పల్లము ఎందుకని అడిగి వ్రాసికొనుడు. ఆ ఇంట పెరిగిన ముసలమ్మనడిగి ఏ గది చల్లన, ఏ గది ఉక్క, ఎచట వాన కొట్టెడిదో తెలిసికొనుడు. స్తంభము అంగడిలో దొరకును. ఆ సమాధానములు వారితోనే పోవును.